ఓసెల్లా: వెనీస్ డోజ్ ఏటా పంచిన వెండి కానుక నిజానికి ఎవరిది?

పుస్తకాల అటక:
సభ్యులందరికీ నమస్కారం. వెనీస్ గణతంత్రంలో 1521 నుంచి 1796 వరకు ఏటా ముద్రించిన ఓసెల్లా అనే కానుక నాణెం గురించి ఒక చర్చ మొదలుపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు చెబుతాను. వెనీస్ దేశాధిపతిని డోజ్ అనేవారు. ఆయన ప్రతి చలికాలంలోనూ మహాసభలోని ప్రభు వంశీయులు ఒక్కొక్కరికీ ఐదేసి అడవి బాతులు కానుకగా పంపాలన్నది చాలా పాత ఆచారం. కాలక్రమంలో సభ్యుల సంఖ్య పెరిగింది, ఉప్పుటేళ్ళలో పక్షులు తగ్గాయి, వచ్చిన బాతుల్లో ఎవరికి బలిసినవి, ఎవరికి బక్కవి వెళ్ళాయన్న తగవులు కూడా మొదలయ్యాయి. చివరకు 1521 జూన్‌లో మహాసభ బాతులకు బదులుగా పావు డుకాట్ (డుకాట్ అంటే వెనీస్ ధనమానం) విలువగల ఒక వెండి నాణెం ఇస్తే చాలునని తీర్మానించింది. వెనీస్ వాడుకలో పక్షిని ఓసెలో అంటారు కాబట్టి, పక్షి పోయి వెండి వచ్చినా పేరు మాత్రం అదే నిలిచిపోయింది.

నా ప్రశ్న ఇది. ఈ నాణేల్లో తొలినాటి వాటిపై ఒకవైపు వెనీస్ రక్షకుడైన మార్కు మునీంద్రుడు డోజ్ చేతికి జెండా అందిస్తున్న బొమ్మ ఉంటుంది. రెండోవైపు డోజ్ పేరు, ఇది ప్రభువు కానుక అన్న మాట, ఏలుబడిలో అది ఎన్నో ఏడు అన్న సంగతి లాటిన్‌లో పంక్తులుగా ఉంటాయి. రాచరికమంటేనే గిట్టని గణతంత్రం, డోజ్ పిల్లలకు గద్దె దక్కకుండా శతాబ్దాల పాటు కాపలా కాసిన గణతంత్రం, ‘ప్రభువు కానుక’ అన్న మాటను తన సొంత టంకశాలలో, తన సొంత వెండిపై, రెండు వందల డెబ్బై అయిదేళ్ళ పాటు ఎందుకు ముద్రించుకున్నది? కానుక ఇచ్చినవాడికి పుచ్చుకున్నవాడు కట్టుబడిపోతాడని అన్ని నాగరికతలకూ తెలుసు. ఆ సంగతి వెనీస్ పెద్దలకు తెలియదని అనుకోలేము.

తూనికరాయి:
మంచి విషయం ఎత్తుకున్నారు. అయితే దీనికి అంత గంభీరమైన అర్థం వెతకనక్కరలేదని నా అభిప్రాయం. పాలకవర్గం ఏడాదికొకసారి తనకు తాను పంచుకున్న పండుగ మామూలు ఇది. 1297 నాటి కట్టడితో మహాసభ తలుపులు కొన్ని కుటుంబాలకే పరిమితమయ్యాయి, పదహారో శతాబ్దం మొదట్లో ఆ సభ్యుల సంఖ్య 2,500 పైన ఉండేది. ఐదు బాతుల చొప్పున లెక్క వేస్తే ఒక్క చలికాలంలోనే 12,500 పక్షులు కావాలి. ఇది సాధ్యమయ్యే పని కాదు కాబట్టి నగదు ఇచ్చారు. నగదుపై ఇచ్చినవాడి పేరు ఉండటం ఎక్కడైనా సహజమే.

పుస్తకాల అటక:
తూనికరాయి గారూ, నగదుపై ఇచ్చినవాడి పేరు ఉండటం వెనీస్‌లో అంత సహజమైన విషయం కాదు. ఆ నగర నాణేల చరిత్రలో అదే అన్నిటికన్నా సున్నితమైన అంశం. 1471లో డోజ్ అయిన నికొలొ త్రోన్ లీరా అనే వెండి నాణెంపై తన తల బొమ్మ వేయించుకున్నాడు. రోమను చక్రవర్తుల పద్ధతిలో, పక్కకు తిరిగిన ముఖంతో, చాలా అందంగా చెక్కిన బొమ్మ అది. 1473లో ఆయన చనిపోగానే ఇకపై ఏ డోజ్ ముఖమూ నాణెంపై ఉండరాదని, ఉంటే మార్కు మునీంద్రుడి ముందు మోకరిల్లిన రూపంలోనే ఉండాలని శాసనం చేశారు. ఆ తరువాత గణతంత్రం కూలేవరకు మూడు వందల ఏళ్ళకు పైగా ఆ కట్టుబాటు నిలిచింది.

ఈ నేపథ్యంలో ఓసెల్లాను చూడండి. ముఖం నిషిద్ధం, పేరు తప్పనిసరి. నిలబడిన మునీంద్రుడు ఇస్తున్నాడు, మోకాళ్ళపై ఉన్న డోజ్ పుచ్చుకుంటున్నాడు. నాణెం తిప్పి చూస్తే అదే డోజ్ ఇచ్చేవాడు. అంటే చేతికి వచ్చిన ప్రతి సభ్యుడికీ ముందుగా కనిపించేది దాత కూడా ఒకరి దగ్గర పుచ్చుకున్నవాడేనన్న సంగతి.

నాణెపు అంచు:
పాత నాణేలు చూడటం నాకు ఎంతో ఇష్టమైన పని, అందువల్ల వస్తువును గురించే కొంచెం వివరంగా రాస్తాను. ఓసెల్లా బరువు సుమారు 9.8 గ్రాములు, వెడల్పు ఇంచుమించు 33 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి దీని పరిమాణం ఊహించుకోవచ్చు. వెండి చాలా మేలైనది, నూటికి దాదాపు 95 పాళ్ళు స్వచ్ఛం. అంత వెడల్పుకు ఆ బరువు తక్కువే, అందువల్ల చేతిలో పెట్టుకుంటే పలుచగా రేకులా అనిపిస్తుంది. పదహారో శతాబ్దపువి సుత్తి దెబ్బతో ముద్రించినవి. అచ్చు ఒక్కొక్కసారి పక్కకు జరిగి, చుట్టూ ఉండవలసిన పూసల వలయం ఒకవైపు పూర్తిగా ఉండి, మరోవైపు అంచులో కలిసిపోతుంది. మునీంద్రుడి ముఖం చాలా నాణేలలో అరిగి చదునైపోయినా, ఆయనకూ డోజ్‌కూ మధ్య నిలువుగా ఉన్న జెండాకర్ర మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. లోహం లోతుగా దిగిన గీత అది కాబట్టి అలా నిలిచింది. ఇద్దరి చేతులూ ఆ కర్రపైనే ఉంటాయి.

మరో విశేషం ఏమిటంటే, చాలా ఓసెల్లాలపై టంకశాలలో వెండి విభాగానికి బాధ్యుడైన అధికారి పేరులోని మొదటి అక్షరాలు చిన్నగా కనిపిస్తాయి. ఆయన కూడా ప్రభు వంశీయుడే, పరిమిత కాలానికి ఎన్నికైనవాడే. వెండిలో కల్తీ జరిగితే ఎవరిని అడగాలో నాణెమే చెబుతుందన్నమాట. జకొపొ సన్సొవీనో రూపకల్పనతో 1537 నుంచి 1547 వరకు కట్టిన టంకశాల భవనం ఇప్పటికీ సముద్రానికి ఎదురుగా, డోజ్ ప్రాసాదానికి కూతవేటు దూరంలో ఉన్నది. చూడటానికి కోట గోడలా ఉంటుంది.

కాలువగట్టు:
ఒక సందేహం. దీనిని నాణెం అనాలా, పతకం అనాలా? మహాసభ సభ్యుడు దీనిని తీసుకెళ్ళి రొట్టె కొనుక్కోగలిగేవాడా?

నాణెపు అంచు:
కొనుక్కోగలిగేవాడు. పావు డుకాట్ అన్న విలువ తీర్మానంలోనే ఉన్నది. లెక్కల్లో రాసుకునే డుకాట్‌కు 124 సోల్దీలు (సోల్దీ అంటే వెనీస్ చిల్లర నాణెం) కాబట్టి పావు అంటే 31 సోల్దీలు. తరువాతి కాలంలో వెండి ధరతో పాటు దీని చెలామణీ విలువ కూడా పెరిగింది. కానీ చాలామంది ఖర్చు పెట్టకుండా దాచుకున్నారు. కొక్కెం అతికించి మెడలో వేసుకున్న గుర్తులు అనేక నాణేలపై ఉన్నాయి. జెక్కీనో అనే వెనీస్ బంగారు నాణేలు నాలుగింటి బరువుతో బంగారంలో ముద్రించినవి కూడా ఉన్నాయి, అవి ప్రత్యేకమైన వారికోసం. కాబట్టి ఇది రెండింటి లక్షణాలూ కలిసిన వస్తువు.

కృష్ణాతీరం:
1521 అన్న సంవత్సరం దగ్గర మనం కొంచెం ఆగాలని నా మనవి. ఆ ఏడాది జూన్‌లో డోజ్ లెయొనార్దో లొరెదాన్ చనిపోయాడు. జూలై 6న అంతోనియో గ్రిమానీ ఎన్నికయ్యాడు. బాతులకు బదులు నాణెం అన్న తీర్మానం ఈ రెంటికీ నడుమ, గద్దె ఖాళీగా ఉన్న కొద్ది రోజుల్లో వచ్చింది. ఇది కాకతాళీయం కాదు. వెనీస్‌లో ఒక డోజ్ పోయి మరొకరు వచ్చేలోగా చేసే పనులకు ఒక క్రమం ఉన్నది. కొత్త డోజ్ చేయవలసిన ప్రమాణ పత్రాన్ని సవరించడానికి కొందరిని నియమిస్తారు. చనిపోయిన డోజ్ లెక్కలు విచారించడానికి మరికొందరిని నియమిస్తారు. ఎన్నికయ్యే మనిషి ఎవరో తెలియకముందే అతని చేతులు ఎంతవరకు కట్టాలో నిర్ణయించడమే దీని ఉద్దేశం.

లొరెదాన్ విషయంలో జరిగినది ఈ చర్చకు నేరుగా సంబంధించినది. ఆయన మరణం తరువాత విచారణ చేసినవారు, పదవికి తగిన హుందాతనంతో ఖర్చు పెట్టలేదన్న కారణంతో వారసులపై జరిమానా విధించారు. ఎక్కువ తిన్నాడని కాదు, తక్కువ పెట్టాడని జరిమానా! డోజ్ ఇచ్చే కానుక అతని ఉదారత అని మనం అనుకుంటాము, వెనీస్ దృష్టిలో అది అతని బాకీ. బాకీ తీర్చినవాడికి ఎవరూ ఋణపడరు. పుస్తకాల అటక గారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇదే. కానుకలోని శక్తిని తీసివేసి, దాని రూపాన్ని మాత్రం ఉంచుకునే మార్గాన్ని వారు కనిపెట్టారు.

పుస్తకాల అటక:
కృష్ణాతీరం గారూ, ఎంతో చక్కగా చెప్పారు. దీనికి మరొక పక్క కూడా ఉన్నది. డోజ్ ప్రమాణ పత్రం ప్రకారం అతను బయటివారి నుంచి కానుకలు పుచ్చుకోరాదు. పన్నీరు, పూలు, సువాసన మూలికల వంటి కొద్ది వస్తువులకే మినహాయింపు ఉండేది. విదేశాల నుంచి వచ్చిన ఉత్తరాన్ని సలహాదారులు లేకుండా ఒంటరిగా విప్పరాదు. పుచ్చుకోవడానికి చేయి చాచరాదు, ఇవ్వడానికి మాత్రం ఏటా చేయి చాచి తీరాలి. అదీ అందరికీ సమానంగా. ఈ చివరి షరతే నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఇవ్వగలిగినప్పుడే కానుక మనుషులను కొనగలదు. ఎవరి చేతికి వచ్చినా ఓసెల్లా ఒకే బరువు.

తూనికరాయి:
సమానత్వం అన్న మాటను అంత తేలికగా ఒప్పుకోలేను. సమానత్వం ఎవరి మధ్య? నగరంలో ఉన్న లక్షన్నర జనంలో రెండున్నర వేలమంది మధ్య. ఆయుధశాలలో పడవలు కట్టిన వడ్రంగికి, గాజు ఊదినవాడికి, లేసు అల్లిన ఆడవారికి ఇందులో భాగం లేదు. పాలించే కుటుంబాలలో పుట్టినవారి పేర్లు బంగారు పుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకంలో ఉన్నవారికే పంచుకున్న వెండిని గణతంత్ర సమానత్వానికి చిహ్నంగా కీర్తించడం నాకు మింగుడుపడదు.

కృష్ణాతీరం:
మీరన్నది నిజమే, దానిని కాదనడం లేదు. అది కొద్దిమంది గణతంత్రం. ఐతే ఆ కొద్దిమంది మధ్య ఉన్న తేడాలు మీరనుకున్నదానికన్నా పెద్దవి. గ్రాండ్ కెనాల్ పక్కన పాలరాతి మేడలు ఉన్నవారూ ఆ సభలోనే కూర్చునేవారు, సాన్ బర్నబా పేటలో ప్రభుత్వం ఇచ్చిన గదులలో తలదాచుకుంటూ ఓటు అమ్ముకుని బతికిన పేద ప్రభు వంశీయులూ ఆ సభలోనే కూర్చునేవారు. ఆ పేటపేరుతోనే వారిని బర్నబొత్తీలు అనేవారు. మేడలో ఉన్నవాడికి ఆ పావు డుకాట్ ఒక లెక్క కాదు, బర్నబొత్తీకి అది కొన్ని రోజుల తిండి. ఇద్దరి పేర్లూ ఒకే పుస్తకంలో ఉన్నాయన్నదానికి ఏడాదికొకసారి ఇద్దరి అరచేతుల్లోనూ పడే రుజువు అది.

ఇంకొక సంగతి గమనించండి. 1645లో క్రీట్ ద్వీపం కోసం తురుష్కులతో యుద్ధం మొదలైనప్పుడు ఖజానా ఖాళీ అయి, లక్ష డుకాట్లు సమర్పించిన కుటుంబాలను ప్రభు వంశాలలో చేర్చుకున్నారు. పాత కుటుంబాలు ఈ కొత్తవారిని చిన్నచూపు చూశాయి, పెళ్ళి సంబంధాలు కలుపుకోవడానికి వెనకాడాయి. కానీ చలికాలం వచ్చేసరికి లక్ష డుకాట్లు పోసినవాడికీ, ఐదు వందల ఏళ్ళ వంశవృక్షం ఉన్నవాడికీ అందినది ఒకే పావు డుకాట్.

సాయంకాలం నడక:
నేను ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. స్త్రీల ప్రస్తావన రాలేదు కాబట్టి అడుగుతున్నాను. డోజ్ భార్య పేరుతో కూడా ఓసెల్లాలు వచ్చాయని విన్నాను, నిజమేనా?

పుస్తకాల అటక:
నిజమేనండి, ఇద్దరు డోజ్ భార్యల పేరుతో వచ్చాయి. మొదటిది 1597లో, డోజ్ మరీనో గ్రిమానీ భార్య మొరొసీనా మొరొసీనీ పట్టాభిషేక సందర్భంలో. రెండోది 1694లో, సిల్వెస్త్రో వలియేర్ భార్య ఎలిసబెత్తా క్వెరీనీ పేరుతో. ఈ రెండింటిపైనా కానుక అన్న మాట ఆ స్త్రీల పేర్ల పక్కనే ఉన్నది.

మొరొసీనా కథ కానుకల రాజకీయాన్ని బాగా చూపిస్తుంది. ఆమె పట్టాభిషేకం నగరమంతా రోజుల తరబడి ఉత్సవంగా జరిగింది. పోప్ క్లెమెంట్ 8 ఆమెకు బంగారు గులాబీని కానుకగా పంపాడు. ఆ గులాబీ ఆమె దగ్గర ఉండటానికి వీలులేదని, సెయింట్ మార్క్ ఆలయ భాండాగారంలో చేర్చాలని నిర్ణయించారు. అదే ఆమె తన పేరుతో ఇచ్చిన వెండి ముక్కకు ఎవరూ అడ్డు చెప్పలేదు. లోపలికి వచ్చే కానుకపై ఉన్న భయం బయటికి పోయే కానుకపై లేదు. పదిహేడో శతాబ్దం మధ్యలో డోజ్ భార్యల పట్టాభిషేకాన్నే శాసనం ద్వారా మాన్పించారు. ఎలిసబెత్తా క్వెరీనీ విషయంలో దానిని ఒకసారి పక్కన పెట్టారు, ఆ తరువాత మళ్ళీ ఎవరికీ ఆ అవకాశం రానివ్వలేదు.

సాయంకాలం నడక:
ధన్యవాదాలండి. ఒక స్త్రీ పేరు ఒక దేశపు వెండిపైకి రావడానికి ఆ దేశం ఇంతగా తటపటాయించడం, వచ్చిన రెండుసార్లూ అది భర్త పదవి గొడుగు కిందనే రావడం చూస్తే మనసుకు కష్టంగా ఉన్నది. అయినా ఆ ఇద్దరి పేర్లు మిగిలాయి. డోజ్‌ల భార్యలలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

ఎర్రసముద్రం:
మునీంద్రుడు జెండా ఇచ్చే బొమ్మ గురించి నాణెపు అంచు గారు రాసినది చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. అదే బొమ్మ మన దక్షిణ భారతానికి వేరే దారిలో వచ్చింది. 1284లో మొదలైన వెనీస్ బంగారు డుకాట్, తరువాతి కాలంలో జెక్కీనో అని పిలిచినది, ఒకవైపు ఈ బొమ్మతోనూ, రెండోవైపు చుక్కల మధ్య నిలబడిన క్రీస్తు బొమ్మతోనూ ఐదు వందల ఏళ్ళపాటు దాదాపు మార్పు లేకుండా వచ్చింది. మిరియాలు, బట్టలు, రత్నాలు కొనడానికి ఎర్రసముద్రం మీదుగా ఈ బంగారం మన పడమటి తీరానికి వచ్చి పడింది. దాని బరువు సుమారు 3.5 గ్రాములు, విజయనగర వరహా సుమారు 3.4 గ్రాములు కాబట్టి రెండూ ఒకే త్రాసులో తేలికగా చెల్లాయి.

తమిళ, కేరళ ప్రాంతాలలో దీనిని శాణాన్ కాసు అన్నారు. శాణాన్ అంటే కల్లుగీసేవాడు. కర్ర పట్టుకున్న మనుషులను చూసి, చెట్టు ఎక్కే గీతకార్మికుడని అక్కడివారు పోల్చుకున్నారు. వాటికి అనుకరణలు మన దగ్గరే తయారై నగలలోకి ఎక్కాయి. కాసులపేరు నగలలో మనుషుల బొమ్మలున్న కాసులు చూసినప్పుడు నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది. మోకరిల్లిన డోజ్ తన దేశంలో అధికారానికి హద్దు గీసిన గుర్తు. ఇక్కడికి వచ్చేసరికి ఆ అర్థమంతా జారిపోయి బంగారం నాణ్యతకు హామీగా మాత్రమే మిగిలింది.

నాణెపు అంచు:
ఎర్రసముద్రం గారు చెప్పినదాన్ని బట్టి ఓసెల్లాకూ జెక్కీనోకూ ఉన్న తేడా స్పష్టమవుతుంది. జెక్కీనో బొమ్మ మారకూడదు, మారితే కైరోలోనో సూరత్‌లోనో షరాబు దానిని అనుమానిస్తాడు. ఓసెల్లా నగరం దాటి పోవలసిన అవసరం లేదు, అందుకని దానిపై బొమ్మలు మారుతూ వచ్చాయి. మొదట్లో అక్షరాల పంక్తులు ఉన్నచోట క్రమంగా ఆ ఏడాది జరిగిన సంఘటనలు, రెక్కల సింహం, ఓడలు, త్రాసు పట్టుకున్న స్త్రీ రూపంలో వెనీస్ నగరం ఇవన్నీ చేరాయి. 1574లో ఫ్రాన్స్ రాజు హెన్రీ 3 వెనీస్‌కు వచ్చినప్పుడు ఆ ఏడాది ఓసెల్లా ఆ రాకను చెప్పింది. 1716లో కోర్ఫు ద్వీపం తురుష్కుల ముట్టడిని తట్టుకుని నిలిచినప్పుడు ఆ ఏటి నాణెం దానిని చెప్పింది. ఏడాదికొక ఓసెల్లా చొప్పున వరుసగా పేర్చితే గణతంత్రం తన గురించి తాను చెప్పుకోదలచుకున్న చరిత్ర మన ముందు ఉంటుంది.

కాలువగట్టు:
చెప్పుకోదలచుకున్న చరిత్ర అన్నారు. చెప్పుకోదలచుకోనిది ఎక్కడ ఉంటుంది?

కృష్ణాతీరం:
దానికి 1571 ఓసెల్లాయే మంచి ఉదాహరణ. అక్టోబరు 7న లెపాంతో దగ్గర క్రైస్తవ నౌకాదళం ఒట్టోమన్ నౌకాదళాన్ని ఓడించింది. డోజ్ అల్వీజె మొచెనీగో రెండో ఏటి ఓసెల్లాపై ‘దేవుని దయవలన తురుష్కులపై మహా నౌకావిజయం కలిగిన సంవత్సరం’ అన్న అర్థం వచ్చే లాటిన్ మాటలున్నాయి. నగరం ఆ విజయాన్ని నిజంగా పండుగగా చేసుకున్నది, అందులో నటన లేదు.

కానీ ఆ యుద్ధం మొదలైనది సైప్రస్ కోసం. లెపాంతోకు రెండు నెలల ముందే, ఆగస్టులో, సైప్రస్‌లోని ఫామగుస్తా కోట లొంగిపోయింది. దానిని కాపాడిన మార్కంతోనియో బ్రగదీన్‌ను బతికుండగానే చర్మం ఒలిచి చంపారు. ఆ ముట్టడిలో సైనికులకు జీతాలివ్వడానికి వెండి లేక, 1570 సంవత్సరం వేసి, రాగితో బిజాంతె అనే నాణేలు కోటలోనే ముద్రించారు. ఒకవైపు రెక్కల సింహం, చుట్టూ ‘సైప్రస్ రాజ్య రక్షణ కోసం’ అన్న మాటలు. రెండోవైపు వెనీస్ వారి మాట తిరుగులేనిది అని. రాగి ముక్కను తీసుకో, యుద్ధం ముగిశాక దీని విలువ మేము వెండిలో చెల్లిస్తాము అన్న వాగ్దానం అది.

ఒకే డోజ్ కాలంలో, ఏడాది తేడాలో వచ్చిన ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడాలి. ఒకటి రాజధానిలో, మేలైన వెండిలో, పెద్దలకు పంచిన విజయం. రెండోది వెయ్యి మైళ్ళ అవతల, నాసిరకం రాగిలో, చావుకు సిద్ధపడిన కూలి సైనికులకు ఇచ్చిన మాట. 1573లో వెనీస్ తన మిత్రులను వదిలి విడిగా సంధి చేసుకుని సైప్రస్‌ను సుల్తానుకు వదులుకున్నది. లెపాంతో ఓసెల్లా అబద్ధం చెప్పిందని నేను అనను. పుచ్చుకున్నవారు ఏది గుర్తుంచుకోవాలో అది నిర్ణయించింది అంటాను.

తూనికరాయి:
ఈ పోలిక నన్ను చాలా కదిలించింది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఐతే ఇది నా వాదననే బలపరుస్తున్నదని మీరు గమనించాలి. నిజమైన గణతంత్ర నాణెం ఆ రాగి బిజాంతె. ప్రజల తరఫున ప్రాణాలొడ్డినవారికి రాజ్యం ఇచ్చిన మాట దానిపై ఉన్నది. ఓసెల్లాపై ఉన్నది పాలకులు తమకు తాము చెప్పుకున్న అభినందన.

పుస్తకాల అటక:
రెండూ గణతంత్రానివే అని నేను అనుకుంటున్నాను. ఒకటి కింది వారితో రాజ్యం చేసుకున్న ఒడంబడిక, రెండోది పైన ఉన్న ఒక్కడిని మిగతావారితో సమానంగా నిలబెట్టిన కట్టుబాటు. రెండో పని చేయలేకపోయిన గణతంత్రాలు త్వరగా రాచరికాలయ్యాయి. ఫ్లారెన్స్‌ను చూడండి. మెదీచీ కుటుంబం ఎవరికి ఏమి ఇవ్వాలో తానే నిర్ణయించుకుంటూ, ఇచ్చినవారిని తనవారిని చేసుకుంటూ పోయింది. 1532 నాటికి అక్కడ ఒక డ్యూక్ గద్దెపై కూర్చున్నాడు, అతని తల నాణేలపైకి ఎక్కింది. అదే కాలంలో వెనీస్‌లో ఎనభై అయిదేళ్ళు దాటిన అంతోనియో గ్రిమానీ పేరుతో తొలి ఓసెల్లా వచ్చింది.

ఆ గ్రిమానీ ఎవరో కూడా చెప్పాలి. 1499లో నౌకాదళాధిపతిగా జొంకియో దగ్గర తురుష్కుల చేతిలో ఓడి, కాళ్ళకు సంకెళ్ళతో వెనీస్‌కు వచ్చినవాడు. చెర్సో ద్వీపానికి ప్రవాస శిక్ష పడితే అక్కడి నుంచి రోముకు పారిపోయి, కార్డినల్ అయిన కొడుకు దొమెనికో దగ్గర ఉన్నవాడు. వెనీస్‌కు వ్యతిరేకంగా ఐరోపా రాజ్యాలు కలిసిన కాంబ్రే కూటమి యుద్ధంలో నగరం చిక్కుల్లో పడిన 1509లో అతనికి క్షమాపణ దొరికింది. పన్నెండేళ్ళకు డోజ్ అయ్యాడు. ఒకప్పుడు ఆ సభ ముందే నేరస్థుడిగా నిలబడిన మనిషి ఆ సభలోని ప్రతి ఒక్కరికీ ‘ప్రభువు కానుక’ పంపాడు. అతను ప్రభువైనది వారు చేస్తేనే, కానుక ఇచ్చినది వారు ఇమ్మంటేనే. ఆ తొలి నాణెం పుచ్చుకున్నవారిలో అతనికి శిక్ష వేయాలని ఓటు వేసినవారు కూడా కొందరు ఉండే ఉంటారు. ఈ ఒక్క ఊహ చాలు, నాకు ఓసెల్లాపై ఆసక్తి పోదు.

పాత పటాలు:
ఆలస్యంగా చేరుతున్నాను, క్షమించాలి. మురానో ద్వీపాన్ని ఎవరూ తలచుకోలేదు. గాజు పనివారి ద్వీపమైన మురానో 1581 నుంచి తన సొంత ఓసెల్లాలు వేయించుకున్నది. నోట పాము కరచుకున్న కోడిపుంజు ఆ ద్వీపపు గుర్తు, అదే నాణెంపై ఉంటుంది. పక్కన డోజ్ వంశచిహ్నంతో పాటు వెనీస్ పంపిన పాలనాధికారి చిహ్నం కూడా ఉంటుంది. మురానోకు తన సొంత సభ, తన సొంత బంగారు పుస్తకం ఉండేవి, అందులో గాజు కొలిమి కుటుంబాల పేర్లున్నాయి. గాజు ఊదినవాడికి భాగం లేదని పైన తూనికరాయి గారు అన్నారు. వెనీస్ ఓసెల్లాలో లేకపోవచ్చు, కానీ మురానో కోడిపుంజు నాణెం కొలిమి యజమానుల ఇళ్ళకు చేరింది. రాజధాని పద్ధతిని చూసి ఒక చిన్న ద్వీపం తానూ అలాగే చేయాలనుకోవడం, రాజధాని దానికి అనుమతి ఇవ్వడం, ఈ రెండూ ఆ కానుకకు ఉన్న గౌరవాన్ని చూపిస్తున్నాయి.

తూనికరాయి:
పాత పటాలు గారూ, మురానో సంగతి నాకు కొత్త, చాలా సంతోషం. యజమానులకు చేరింది అన్నారు, కొలిమి ముందు నిలబడిన కూలివాడికి కాదు కదా అన్న ప్రశ్న మాత్రం నాకు మిగిలే ఉన్నది.

కాలువగట్టు:
చివరి ఓసెల్లా సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

కృష్ణాతీరం:
చివరి డోజ్ లుదొవీకో మనీన్ 1789 మార్చిలో ఎన్నికయ్యాడు. ఆ ఏటి నుంచి 1796 వరకు అతని పేరుతో వరుసగా ఎనిమిది ఓసెల్లాలు వచ్చాయి. ఎనిమిదవది ముద్రించేనాటికే నెపోలియన్ బొనపార్త్ సైన్యం ఇటలీ ఉత్తర భాగాన్ని ఆక్రమించి వెనీస్ భూభాగాల మీదుగా తిరుగుతున్నది. అయినా వాడుక తప్పలేదు, టంకశాల తన పని తాను చేసింది.

1797 మే 12న మహాసభ చివరిసారి సమావేశమైంది. తీర్మానం చెల్లడానికి 600 మంది ఉండాలన్నది నియమం. వచ్చినది 537 మంది. వారిలో 512 మంది ప్రభుత్వాన్ని వదులుకోవడానికి ఓటు వేశారు, 20 మంది వద్దన్నారు, 5 గురు ఎటూ చెప్పలేదు. సభ్యులు చాలక ఆ తీర్మానం వారి చట్టం ప్రకారమే చెల్లదు. ఓసెల్లా కోసం పేరు పిలిపించుకునే హక్కు ఉన్నవారు ఇంకా వందల మంది ఊళ్ళోనే ఉన్నారు, కొందరు అప్పటికే పొలాలకూ వేసవి ఇళ్ళకూ వెళ్ళిపోయారు. మళ్ళీ చలికాలం వచ్చేసరికి పంచడానికి డోజ్ లేడు, పుచ్చుకోవడానికి సభ లేదు. మురానో నాణెం కూడా 1796తోనే ఆగింది.

నాణెపు అంచు:
వెనీస్‌కు వెళ్ళే సభ్యులెవరైనా ఉంటే సెయింట్ మార్క్ కూడలిలోని కొర్రేర్ సంగ్రహాలయంలో ఈ నాణేలు చూడవచ్చు. గ్రిమానీది, మొచెనీగో లెపాంతో నాణెం, ఇద్దరు స్త్రీలవి, మనీన్ చివరిది ఈ వరుసలో చూస్తే ఇక్కడ మాట్లాడుకున్నవన్నీ కళ్ళెదుట ఉంటాయి. కొనాలనుకునేవారికి ఒక మాట చెప్పాలి. తరువాతి కాలంలో పోతపోసిన నకళ్ళు చాలా ఉన్నాయి. బరువు 9.8 గ్రాములకు బాగా తేడాగా ఉన్నా, అంచున పోత గీత కనిపించినా, అక్షరాల మూలలు మొద్దుగా ఉన్నా అనుమానించండి. కొక్కెం తీసేసిన మచ్చ ఉన్న నాణేలకు ధర తక్కువ పలుకుతుంది, కానీ నావరకు నేను వాటినే కోరుకుంటాను. ఎవరో ఒకరు దానిని ఖర్చు పెట్టకుండా మెడలో వేసుకున్నారన్నదానికి ఆ మచ్చే సాక్ష్యం.

తూనికరాయి:
కొక్కెం మచ్చల గురించి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా వస్తాను. బర్నబొత్తీలు అమ్ముకున్నవెన్ని, దాచుకున్నవెన్ని అన్న ప్రశ్నను అక్కడే కృష్ణాతీరం గారితో తేల్చుకుంటాను.